సాక్షి ముక్క

మా తోడికోడలితో వాదించి గెలిచినవాళ్లు ఈ ఇంట్లో ఇంతవరకు లేరు. పైకి అక్కా అని పిలుస్తాను గానీ, లోపల ఏమనుకుంటానో దేవుడికే తెలియాలి. టార్చిలైటు వెలగడం లేదని నేను పారేయబోతే, ఆగమంటుంది. అందులోని బ్యాటరీలు తీసి, బాగా వెలిగే ఇంకో టార్చిలో వేసి చూస్తుంది. కాలింగ్ బెల్ మోగలేదంటే ముందు ఫ్యాను తిరుగుతోందో లేదో చూస్తుంది. అంతవరకూ చెడిపోయిందన్న మాట ఆవిడ నోట రాదు. ఆవిడతో కాపురం చేసే మా బావగారికి దండం పెట్టాలి.

అక్క పనిచేసేది పశువుల ఆసుపత్రి వెనకున్న ప్రయోగశాలలో. కుక్కల, పిల్లుల చర్మం మీద లేచిన గడ్డల్లోంచి చిన్న ముక్కలు తీసి అక్కడికి పంపుతారు. వాటిని మైనం దిమ్మెల్లో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గోరువెచ్చటి నీళ్ల మీద తేల్చి, గాజు పలకల మీదికి ఎక్కిస్తుంది. ఆ పలకల్ని కుక్కర్లో ఉడికిస్తుంది కూడా. ఇంట్లో కుక్కర్ జోలికి రాని మనిషి! తర్వాత యాంటీబాడీ చుక్క వేస్తుంది. రోగాలతో పోరాడే కణాలు చర్మంలో చాలా రకాలున్నాయి. ఒక్కో యాంటీబాడీ వాటిలో ఒక్కో రకాన్నే వెతికి పట్టుకుంటుంది. దాని మీద రెండో మందు వేస్తే, పట్టుకున్న చోటల్లా గోధుమరంగు తేలుతుంది. పలక చూసి జబ్బేమిటో చెప్పేది డాక్టరమ్మ.

ఇదంతా నాకెందుకు పట్టిందంటే, మా తుంటరి చెవి మీద ఎర్రగా గడ్డ లేచింది. తుంటరి నా కుక్క. కళ్లు కూడా తెరవని కూనగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని పాలు పట్టాను. ఆ గడ్డ చర్మంలో కాపలా కాసే కణాలు పెరిగి వచ్చిందైతే దానంతట అదే కరిగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. రోగాలతో పోరాడేవాటిలోనే టి-కణాలనే ఇంకో రకం అదుపు తప్పి పెరిగి వచ్చిందైతే మాత్రం క్యాన్సర్. చెవి కోసినా కుక్క ఎన్నాళ్లో బతకదు. మామూలు రంగు వేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయట. టి-కణాల యాంటీబాడీ వేసినప్పుడు గడ్డంతా గోధుమరంగైతే ఇక ఆశ లేనట్టే.

పరీక్ష చేసే రోజు ఇంట్లో కాలు నిలవక నేనూ అక్క వెంట వెళ్లి, ఆవిడ పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. పలక బయటికొచ్చింది. గోధుమరంగు ఎక్కడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే మా ఆయనకు ఫోన్ చేసి గండం గడిచిందని చెప్పేశాను.

అక్క మాత్రం పలక రెండో చివర చూస్తోంది. అనుమానం ఉన్న ముక్క పక్కనే, టి-కణాల గడ్డేనని ఎప్పుడో తేలిపోయిన ఇంకో కుక్క ముక్కను కూడా అతికిస్తారు. దాన్ని వాళ్లు సాక్షి ముక్క అంటారు. మందులు సరిగ్గా పనిచేస్తే అది గోధుమరంగులోకి మారి తీరాలి. మారలేదు.

ఈ పరీక్ష చెల్లదని, మళ్లీ మొదటినుంచి చెయ్యాలని అక్క అంది. నేను ఒంటికాలి మీద లేచాను.

"సొంతింటి కుక్కకి కూడా ఇంతేనా అక్కా?"

ఆవిడ కొత్త పలకలు తీసింది. ఇంటికొచ్చి నేను గిన్నెలమీద చూపించిన కోపం మేడ మీద మా బావగారికి కూడా వినిపించిందట.

మర్నాడు అక్కే ఫోన్ చేసి రమ్మంది. వెళ్లి మైక్రోస్కోపులోకి వంగాను. సాక్షి ముక్క నిండా గోధుమరంగు. పలక జరిపి చూస్తే తుంటరి ముక్కలోనూ గోధుమరంగు. నేను ఏడవడం మొదలుపెట్టాను.

అక్క నా భుజం పట్టుకుంది. "ఏడవకు, సరిగ్గా చూడు. గడ్డలోని కణాలకి రంగు లేదు. కింద అంచున గుంపుగా చేరినవాటికే ఉంది. అవి గడ్డని కరిగించడానికి వచ్చిన టి-కణాలే. మన తుంటరికి తగ్గిపోతోందే."

కాపలా కణాల యాంటీబాడీ వేసిన పలకలో గడ్డంతా గోధుమరంగు వచ్చిందట. డాక్టరమ్మ కూడా చూసి అదే మాట చెప్పింది. కత్తి పెట్టే పనే లేదంది. ఏడవొద్దన్నా ఏడుపు ఆగలేదు.

తేరుకున్నాక, నిన్న ఏమైందని అడిగాను. రెండో మందులు రెండు రకాలుంటాయట, కుందేలు నుంచి తీసిన యాంటీబాడీకి ఒకటి, ఎలుక నుంచి తీసిన యాంటీబాడీకి ఒకటి. కంగారులో ఒకదాని బదులు ఇంకోటి వేసిందట. అక్క తప్పు చేసిందంటే నేను నమ్మలేకపోయాను.

"మన తుంటరి కదా," అంది. "చేతులు ఆడలేదు."

నవ్వొచ్చింది. ఇంత గొడవ పెట్టిన ఆ సాక్షి ముక్క ఏ కుక్కదని అడిగాను. అక్క మైనం దిమ్మెను అరచేతిలో పెట్టుకుని చూసింది. కోసి కోసి అది బాగా అరిగిపోయింది.

"మా గుండుగాడిది. నువ్వు ఈ ఇంటికి రాకముందు సంగతి. వాడికి పరీక్ష చేసినప్పుడు సాక్షి ముక్క పెట్టలేదు. రంగు రాలేదని అందరం సంబరపడ్డాం."

దిమ్మెను జాగ్రత్తగా సొరుగులో పెట్టేసింది.

మేడ మీద వాళ్ల గదిలో మేకుకి కుక్క మెడకి కట్టే పాత బెల్టు ఒకటి వేలాడుతుంటుంది. ఆ చెత్త తీసి అవతల పారెయ్యమని పండక్కో పబ్బానికో ఇల్లు దులిపినప్పుడల్లా నేను పోరేదాన్ని. ఆవిడ దాన్ని తియ్యనిచ్చేది కాదు.

ఆ సాయంత్రం తుంటరిని మేడ మీదికి తీసుకెళ్లాను. అది తిన్నగా వెళ్లి అక్క పాదాల మీద తల పెట్టి పడుకుంది. నేను స్టూలు వేసుకుని ఎక్కి, ఆ బెల్టు మీది దుమ్ము తుడిచి, మళ్లీ అదే మేకుకి తగిలించాను.