నర్ది చెక్క బిళ్ళలు

ఆత్మకూరు బస్టాండు పక్క సందులో రక్తపరీక్షలు చేసే ల్యాబు ఒకటుంది. అక్కడ సూది పట్టుకునే అమ్మాయి పేరు ఏంజెలిన్. ఇరవై రెండేళ్ళుంటాయి. సూదికి భయపడి మొహం పక్కకి తిప్పుకోబోయినవాళ్ళు ఆమె చెవుల దగ్గర ఆగిపోతారు. రెండు తమ్మెల్లోనూ బొటనవేలి గోరంత చెక్క బిళ్ళలు, నున్నగా, లేత పసుపు రంగులో ఉంటాయి. "అదేంది పాపా, చెవుల్లో బిళ్ళలు పెట్టుకోనుండావు?" అని వాళ్ళు అడిగే లోపల రక్తం తీయడం అయిపోతుంది. ల్యాబులో ఆ చెవులు ఆమెకి మేలే చేశాయి. ఇంట్లో మాత్రం అవి చాలా కాలం పచ్చి పుండులా ఉండిపోయాయి.

ఆ బిళ్ళల సంగతి చెప్పాలంటే ముందు ఆమె నాయనమ్మ లిదియమ్మ చెవుల గురించి చెప్పాలి.

లిదియమ్మ పుట్టింది సోమశిల దగ్గర ఒక చెరువు కింద గుడిసెల్లో. అప్పటి పేరు మాలకొండమ్మ. ఆ కాలంలో అక్కడి ఆడవాళ్ళకి చెవులు ఎంత సాగితే అంత అందం. పసిగుడ్డుగా ఉన్నప్పుడే కుట్టేవాళ్ళు. కన్నం మానాక సన్నటి వేపపుల్ల, తర్వాత బెండు ముక్క, ఆ తర్వాత తాటాకు చుట్ట. గట్టిగా చుట్టిన తాటాకు చెవిలో ఉన్నంతసేపూ తనంతట తాను విచ్చుకోవాలని చూస్తుంది. తొందర లేకుండా, పట్టు విడవకుండా, కన్నాన్ని పెద్దది చేస్తుంది. పెళ్ళీడుకి వచ్చేసరికి మాలకొండమ్మ తమ్మెలు దాదాపు భుజాల మీదికి దిగాయి. వాటిలో బరువైన బంగారు కమ్మలుండేవి.

పెళ్ళి బాప్టిస్టుల ఇంట్లో అయింది. కొత్త పేరు వచ్చింది, కొత్త పాటలు వచ్చాయి, ఆమె రెండింటినీ ప్రేమించింది. అత్తగారు మంచి మనిషే. "దేవుని బిడ్డకి బంగారమెందుకు తల్లీ" అని ఆప్యాయంగానే చెప్పి కమ్మలు తీయించింది. కమ్మలైతే పోయాయి. వాటికోసం ఏళ్ళ తరబడి సాగిన చెవులు ఎక్కడికి పోతాయి? ఒట్టి తమ్మెలు మెడ పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. చర్చి గుడిలో ఆమె ఎప్పుడూ కొంగు తల మీదుగా వేసుకునేది. భక్తి అనుకున్నారు అందరూ. భక్తి ఉంది, కాదనను. సిగ్గు కూడా ఉంది.

ఏంజెలిన్ పసితనమంతా ఆ చెవి దగ్గరే గడిచింది. మధ్యాహ్నం పూట అవ్వ పక్కన పడుకుని, చూపుడు వేలు ఆ కన్నంలోకి దూర్చి, మెత్తటి తమ్మెని గుప్పిట పట్టుకుంటే తప్ప నిద్ర వచ్చేది కాదు. అవ్వ కదలకుండా పడుకునేది. "నేనూ ఇట్టనే మా అమ్మ చెవి పట్టుకోని నిద్దరపొయ్యేదాన్ని" అనేది.

ఏంజెలిన్ తండ్రి పెంచలప్రసాద్ స్కూలు మాస్టరు. పరువు మనిషి. ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి తల్లిని తీసుకుపోయాడు. గాలికి కొంగు జారింది. వెనక బెంచీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు, ఒకడు చెవి పట్టుకుని కిందికి లాగి చూపించాడు. తన తల్లిని చూసి నవ్వారన్న బాధ ఆయన్ని కొరుక్కుతినేసింది. ఆ సెలవుల్లోనే నెల్లూరు తీసుకుపోయి రెండు తమ్మెలకీ కుట్లు వేయించి కన్నాలు మూయించేశాడు. మంచే చేశాననుకున్నాడు. ఆ నమ్మకంలో ఆయన తప్పేమీ పట్టలేను నేను. కానీ ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం చిన్న ఏంజెలిన్ అలవాటుగా చెయ్యి చాపింది. వేలికి గట్టి మచ్చ తగిలింది. పిల్ల బావురుమని ఏడ్చింది. లిదియమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

పిల్లలు మరిచిపోతారు. ఏంజెలిన్ కూడా మరిచిపోయింది. ఆ ఇంట్లో బంగారం వాడరు కాబట్టి ఆమెకి చిన్నప్పుడు చెవులు కుట్టించలేదు. పదిహేనేళ్ళప్పుడు స్నేహితురాలు దివ్యశ్రీతో కలిసి ఆత్మకూరులో ఒక ఫ్యాన్సీ షాపుకి పోయి, తుపాకీలాంటి దానితో టకటకా కుట్టించుకుని వచ్చింది. తండ్రి రెండ్రోజులు గొణిగి ఊరుకున్నాడు. ఆ తర్వాత ఫోనులో ఎవరో ఎక్కడి పిల్లలో చెవుల్లో పెద్ద పెద్ద బిళ్ళలు పెట్టుకున్న వీడియోలు చూసింది. అవ్వని తలుచుకుని మొదలుపెట్టిందని చెబితే కథకి అందంగా ఉంటుంది గానీ, నిజం అది కాదు. ఆ వయసులో నలుగురిలో వేరుగా కనబడాలన్న యావ, అంతే.

ఉదయగిరిలో ఆమె పెదనాయన వెంగయ్య ఉన్నాడు. కోట కొండ కింద వాళ్ళ వీధిలో ఇంటింటా చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కుతారు. సెలవులకి పోయిన ఏంజెలిన్ ఆయన దగ్గర కూర్చుని, సన్న పుల్లల్లాంటివి ఒక జత, వాటికన్నా ఒక రవ్వ లావువి ఒక జత, అలా వరసగా చిన్న బిళ్ళల దాకా చెక్కి పెట్టమంది.

"దేనికి మ్మా ఇవి?"

"ఊరికే పెదనాయనా, బొమ్మలకి."

వెంగయ్య నమ్మినట్టు తలూపి, స్పూన్లు చెక్కే నర్ది చెక్కతోనే చేసి, గరుకు కాగితంతో రుద్ది, నూనె పూసి ఇచ్చాడు. స్పూన్లు నాలుక మీద ఎంత నున్నగా జారాలో అంత నున్నగా చేశాడు.

జుట్టు చెవుల మీదికి దువ్వుకుని ఏంజెలిన్ కొంతకాలం నెట్టుకొచ్చింది. మొదటి పుల్లలు సులువుగానే దిగాయి. అక్కడ ఆగలేకపోయింది. క్రిస్మస్ ప్రోగ్రాంలోపు పెద్దది పెట్టేయాలని రెండు సైజులు వదిలేసి లావుపాటిది బలవంతంగా నెట్టింది. చెవి చిట్లింది. మూడో రోజుకి చీము పట్టి, తమ్మె వంకాయలా వాచింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ నొప్పికి కళ్ళు మూసుకున్న పిల్లని లిదియమ్మ చూసింది. దగ్గరికి వచ్చి జుట్టు పక్కకి తీసింది. తిట్టలేదు. చాలాసేపు ఆ చెవినే చూసింది.

"ఎవురు చెప్పినారు నీకు ఇట్ట చెయ్యమని? చెవితో తగువు పెట్టుకోకూడదు పాపా. అది ఒప్పుకున్నప్పుడే ముందుకి పోవాల. లేదంటే తెగిపోద్ది, జన్మలో అతుక్కోదు."

బిళ్ళ తీయించింది. డాక్టరు దగ్గరికి పంపింది. రోజూ గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో తనే కడిగింది. పూర్తిగా మానాక, అన్నిటికన్నా సన్న పుల్లతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టించింది. ఆముదం రాసి తమ్మెని వేళ్ళ మధ్య మెల్లగా నలిపేది. ఎంతకాలం ఆగాలో ఆమె లెక్క చెప్పేది కాదు, పట్టి చూసి చెప్పేది. ఆ వేళ్ళు తన చెవి మీద ఉన్నప్పుడే ఏంజెలిన్‌కి పాత మధ్యాహ్నాలు గుర్తుకొచ్చాయి. చెయ్యెత్తి అవ్వ చెవి మీది మచ్చ తాకింది. యావతో మొదలైన పని ఆ రోజు నుంచి వేరే పని అయింది.

ఇంటర్ పరీక్షలయ్యాక ఆ చెవులు తండ్రి కంటబడ్డాయి. నర్సింగ్ సీటు కోసం ఫోటో దిగుతుంటే, జుట్టు వెనక్కి దువ్వుకోమన్నాడు ఫోటో తీసేవాడు. పక్కనే ఉన్న పెంచలప్రసాద్ మొహం పాలిపోయింది. ఇంటికి వచ్చాక తల్లి ముందే నిలబడి అన్నాడు.

"సోమవారం నెల్లూరు పోతుండాం. కుట్లేపిచ్చేస్తే మానిపోతాది. ఈ అవతారంతో నర్సింగ్‌లో ఎవురు చేర్చుకుంటారు? నలుగురూ నవ్వతారు. ఒకసారి పడినాం చాలు."

ఏంజెలిన్ రెండు చేతులతో చెవులు కప్పుకుంది. సోమవారం పోతే తన చెవి మీద కూడా అదే మచ్చ ఉంటుంది.

మంచం మీద కూర్చున్న లిదియమ్మ లేచింది. కొడుకు మాటకి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"అబ్బయ్యా, పసిబిడ్డప్పుడు మా అమ్మ నా చెవులు కుట్టి సాగదీసింది. నన్ను అడగలా. పెళ్ళయినాక మీ అవ్వ కమ్మలు తీసేయమనింది. ఆమె కూడా అడగలా. ముసల్దాన్నయినాక నువ్వు తీసకపొయ్యి కుట్లేపిచ్చినావు. నువ్వు కూడా అడగలా. చెవులు నాయే, మాట మాత్రం అందరిదీ. ఈ బిడ్డ చెవుల గురించి ఈ బిడ్డని అడుగు."

"అమ్మా, నిన్ను జూసి నవ్వుతుంటే..."

"నవ్వితే నవ్వినారు. నువ్వు కూడా ఈ చెవిలో యేలు పెట్టుకోనే నిద్దరపొయ్యినోడివి. మరిచిపొయ్యినావా?"

పెంచలప్రసాద్ వీధిలోకి వెళ్ళిపోయి చీకటి పడ్డాక వచ్చాడు. సోమవారం ఎవరూ నెల్లూరు పోలేదు. నర్సింగ్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఏంజెలిన్ ఆత్మకూరులోనే ల్యాబ్ కోర్సులో చేరింది. తండ్రి ఫీజు కట్టాడు, బస్సు పాసు చేయించాడు, జ్వరం వస్తే మాత్రలు తెచ్చాడు. కూతురి మొహంలోకి చూడటం మాత్రం మానేశాడు. మాట్లాడితే గోడతోనో టీవీతోనో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. గుడిలో ఆమె ఆయనకి ఒక వరస వెనక కూర్చునేది. ఆయన ఒక్కసారి తిరిగి చూస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని ఆమెకి ఉండేది. మాస్టరుకి మెడ తిరగలేదు. చెవులు మిగిలాయి, నాన్న పోయాడు అనుకుంది ఏంజెలిన్. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

బిళ్ళలు గోరంత అయినప్పుడు లిదియమ్మ పట్టి చూసి "ఇంక చాలు" అంది. ఏంజెలిన్ అక్కడే ఆగింది.

పోయిన ఎండాకాలంలో లిదియమ్మ పడిపోయింది. ఆత్మకూరు ఆసుపత్రిలో మంచం మీద చిన్న పిల్లలా మిగిలింది. మనుషుల్ని గుర్తుపట్టడం ఆగిపోయింది. కొడుకుని "ఎవురు నాయనా నువ్వు" అంది. కుడి చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. గాల్లో, దుప్పటి మీద, దిండు మీద ఏదో వెతుకుతూ ఉండేది. సెలైన్ గొట్టం లాగేస్తోందని నర్సు చెయ్యి కట్టేయమంది. పెంచలప్రసాద్ ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె విదిలించుకుని మళ్ళీ వెతికింది.

"అమ్మా... అమ్మా..." అంటోంది.

మధ్యాహ్నం ల్యాబు నుంచి వచ్చిన ఏంజెలిన్ కాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ చెవి బిళ్ళ తీసి దుప్పటి మీద పెట్టి, తల అవ్వ దిండు మీదికి వాల్చింది. వెతుకుతున్న చేతిని పట్టి తన చెవి దగ్గరికి తెచ్చింది. ఎముకలా మిగిలిన ఆ చూపుడు వేలు తమ్మెని తడిమింది, కన్నం దొరికించుకుంది, లోపలికి దూరింది. గుప్పిట మూసుకుంది.

లిదియమ్మ ఒళ్ళంతా వదులైంది. "వచ్చినావా అమ్మా" అంది. నిమిషంలో నిద్రపోయింది.

ఏంజెలిన్ మెడ పట్టేసింది, కాళ్ళు మొద్దుబారాయి, కదల్లేదు. చిన్నప్పుడు అవ్వ ఎలా కదలకుండా పడుకునేదో అలాగే ఉండిపోయింది. కన్నీళ్ళు దిండులోకి పోతున్నా తుడుచుకోలేదు. తండ్రి మంచానికి అవతల నిలబడి ఉన్నాడని తెలుసు, ఏమంటాడో తెలియదు.

ఎండ తగ్గేవేళకి ఆ గుప్పిట దానంతట అదే విడిపోయింది. లిదియమ్మ ఊపిరి ఇంకా ఆడుతోంది. మర్నాడు తెల్లవారుజామున ఆమె ప్రాణం పోయింది, అప్పటిదాకా మళ్ళీ దేన్నీ వెతకలేదు.

ఆ సాయంత్రం గుప్పిట విడిపోయాక ఏంజెలిన్ మెల్లగా తలెత్తి బిళ్ళ కోసం దుప్పటి మీద చూసింది. లేదు. అది పెంచలప్రసాద్ చేతిలో ఉంది. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో, చెమటకి తడిసిపోయింది. జేబు రుమాలుతో దాన్ని తుడిచాడు. నేల మీద కూతురి పక్కనే చతికిలబడ్డాడు. నాలుగేళ్ళ తర్వాత ఆమె మొహంలోకి చూశాడు.

"ఇది ఎట్ట పెట్టాల?" అన్నాడు.

"ఒక పక్కగా వంచి లోపలికి నెట్టాల డాడీ."

ఆయన కూతురి తమ్మె పట్టుకున్నాడు. వేళ్ళ మధ్య ఒక్క క్షణం ఊరికే పట్టుకుని ఉండిపోయాడు.

"నొప్పి పుడతాదా?"

"లేదు డాడీ."

ఆయన బిళ్ళని మెల్లగా లోపలికి నెట్టాడు.