ఎముక దాటని గుండు

రోవెనా జుపాన్ మా బడి వంటగదిలో ఇరవై ఆరేళ్ళు వండింది. నేను అదే బడికి బస్సు నడిపాను. పొద్దున్నే పిల్లల్ని దించేసి వంటగది వెనక తలుపు దగ్గర నిలబడితే, దాల్చినచెక్క పొడి చల్లిన వేడి రొట్టె చేతిలో పెట్టి, "తిని పో ఫ్లాయిడ్, ఆ బురద బూట్లతో లోపలికి మాత్రం రాకు" అనేది. పొట్టి మనిషి. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి.

వంటమనిషిగా కంటే తుపాకీ గుండ్లు పోసే మనిషిగానే మా లోయలో ఆమెను ఎక్కువమంది ఎరుగుదురు. మా దగ్గర సెప్టెంబరులో తొమ్మిది రోజుల వేట మూతిలోంచి మందు కూరే తుపాకులకే. మందు పోసి, సీసం పెట్టి, కడ్డీతో కూరి, ఒక్క దెబ్బ కొట్టాలి. మళ్ళీ కూరేదాకా ఎల్క్ దుప్పి నిలబడి ఉండదు. అంచేత ఎంత మందు, ఎలాంటి సీసం అన్నదాని మీద మా మగాళ్ళు ఏడాది పొడవునా వాదించుకుంటారు. వాదించుకుని అలిసిపోయాక రోవెనా దగ్గరికి వెళ్ళేవాళ్ళు.

ఆమె గ్యారేజీలో సీసం కరిగించి అచ్చుల్లో పోసి, చల్లారాక ఒక్కొక్కదాన్నీ చిన్న త్రాసులో తూచేది. కాస్త తేడా ఉన్నా మళ్ళీ కుండలోకి విసిరేసేది. "లోపల గాలి బుడగుంది. ఇది వంకరగా పోతుంది" అనేది. ఎవరైనా కొత్త తుపాకీ పట్టుకొచ్చి ఇది సూటిగా కొట్టడం లేదని విసుక్కుంటే, "దీనికేం కావాలో నువ్వు పెట్టలేదు. తిననిది పెట్టి తిడితే ఎలా?" అని, నాలుగైదు రకాల మోతాదులు కట్టి గురి కాగితం మీద కొట్టించేది. మూడు దెబ్బలూ పక్కపక్కన పడేదాకా వదిలేది కాదు.

ఇదంతా ఆమెకు నేర్పింది మొగుడు ఎమెట్. ముప్ఫయ్యొక్క ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేసిన మనిషి, నోటి దురుసు, మనసు మెత్తన. వయసులో ఉన్నప్పుడు ఒకసారి చిన్న గుండుతో చాలా దూరం నుంచి ఆడ ఎల్క్‌ను కొట్టాడు. అది పడలేదు. రెండు రోజులు నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగి, మూడో రోజు కాకులు వాలుతున్న చోటు చూసి దాన్ని కనుక్కున్నాడట. అప్పటికింకా ప్రాణం ఉందట. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు నా మొహం చూడలేదు, చేతిలోని టోపీ చూసుకుంటూ చెప్పాడు. ఆ తర్వాత ఇంట్లో ఒకటే నియమం. ఎముక దాటుతుందని కాగితం మీద, మాంసం మీద తేలని గుండు కొండెక్కకూడదు.

మా పైనున్న కొండ మీద వేటాడాలంటే లాటరీలో అనుమతి కార్డు రావాలి. ఎమెట్ పదకొండేళ్ళు కాచుకున్నాడు. కార్డు వచ్చిన జూన్ నాటికి అతని ఊపిరితిత్తులు బొగ్గు పొడితో బిగిసిపోయి, ముక్కుకి గొట్టం, పక్కన చక్రాల బండి మీద ఆక్సిజన్ గాలి సీసా. ఏళ్ళ తరబడి మింగిన మందులు ఎముకల్ని కూడా గుల్ల చేశాయి.

"అరవై గజాలు చాలు నాకు," అన్నాడు. "కొండ మీద రాతిబండ దగ్గర కూచోబెట్టండి. ఎల్క్ అదే వస్తుంది."

ఎమెట్ మామూలు మోతాదు తొంభై గ్రెయిన్ల మందు (గ్రెయిన్ అంటే గింజంత తూకం), దాని మీద బొటనవేలంత పొడుగు తూటా. మా ఇంటి వెనక ఎండిన వాగులో ఒక్కటి కొట్టాడు. వెనక్కి తన్నిన దెబ్బకి కుర్చీతో సహా పడ్డాడు. పక్కటెముక విరిగింది. డాక్టరు తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది. ఎమెట్ మంచం మీంచి పెళ్ళాన్ని పిలిచి, "రో, నేను తట్టుకునేది ఒకటి చూసి పెట్టవే. అందరికీ పెడతావుగా" అన్నాడు.

ఆ వేసవంతా రోవెనా వాగులోనే గడిపింది. బడి సెలవులు. సాయంగా నేను వెళ్ళేవాణ్ణి. ఒక్కో దెబ్బ తర్వాత తుపాకీ గొట్టం తడిగుడ్డతో తుడవడం, మందు కొలవడం, కూరడం, కొట్టడం. యాభై గజాల దగ్గర కాగితం, దాని వెనక కసాయి దగ్గర తెచ్చిన ఎద్దు భుజం ఎముక, ఆ వెనక నీళ్ళలో నానేసిన పాత పత్రికల కట్ట.

ముందు పాత తూటాలే ఉంచి మందు తగ్గించింది. తన్ను తగ్గింది కానీ తూటా దారి తప్పింది. కాగితానికి గుండ్రటి చిల్లు పడాల్సింది పోయి, తూటా అడ్డంగా పడుకుని దూరినట్టు పొడుగాటి చీలికలు పడ్డాయి.

"మందు చాలక తూటా బొంగరంలా తిరగటం లేదు," అంది కాగితం చూపించి. "నీ దగ్గర లోపలి గీతలు గట్టిగా మెలితిరిగిన తుపాకీ గొట్టం ఉండాలే, ఉందా?"

తెచ్చిచ్చాను. అరవై గ్రెయిన్లు పోసి, కాస్త పొట్టి తూటాతో కొడితే సూటిగా వెళ్ళింది, ఎముక పగలగొట్టుకుని కట్టలోకి చేరింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. మర్నాడు ఎమెట్ భుజానికి రెండు దిళ్ళు కట్టి కొట్టించాం. ఎముక విరగలేదు. పావుగంట సేపు ఊపిరి మాత్రం అందలేదు. పెదాలు నీలంగా అయ్యాయి. రోవెనా అతని వీపు నిమురుతూ నా వైపు చూసింది. ఆ గొట్టం నేను ఇంటికి తీసుకుపోయాను.

ఇక మిగిలింది గుండ్రటి చిన్న గుండు. మైనం రాసిన గుడ్డలో చుట్టి, నలభై అయిదు గ్రెయిన్ల మందు మీద కూరింది. అబ్బ, ఏం కొట్టిందనుకున్నారు! మూడు దెబ్బలూ ఒకదాన్నొకటి ఆనుకుని, మూడు రెక్కల క్లోవర్ ఆకులా ఒకటే చిల్లు. తన్నే లేదు. కానీ ఎముక దగ్గరికెళ్ళి చూస్తే గుండు రొట్టె ముక్కలా చదునై ఎముకకే అతుక్కుని ఉంది. ఎముకని నలభై గజాలకు తెచ్చింది, ముప్ఫయికి తెచ్చింది. దాటలేదు.

ఆ రోజు ఇంటికెళ్ళి, చేతులు కడుక్కుందామని కాగితం వంటింటి బల్ల మీద పెట్టింది. ఎమెట్ చూశాడు.

"దొరికిందా!" అన్నాడు. "ఒసే, దొరికిందా!"

ఆమె నోరు తెరిచేలోపే ఫోన్ అందుకున్నాడు. నాకే చేశాడు.

"ఫ్లాయిడ్! నీ కంచరగాడిద ఖాళీగా ఉందా? నన్నూ నా గాలి సీసానీ మోస్తుందా?"

"నిన్ను మోస్తుంది. నీ నోరు మోయడమే కష్టం."

"దానికేం, చేటంత చెవులున్నాయిలే! దాని యజమానిలాగే కదా."

నేను నవ్వాను. విషయం తెలిసి కూడా నవ్వాను. ఫోన్ పెట్టేస్తుంటే అవతల అతను ఈల వేస్తున్నాడు. రెండేళ్ళుగా మాట పూర్తిచెయ్యడానికే ఊపిరి చాలని మనిషి.

మర్నాడు తనే కొడతానని పట్టుబట్టి వాగుకి వచ్చాడు. బల్ల మీద ఇసుక సంచి, దాని మీద తుపాకీ. అయిదు కొట్టాడు. కాగితం దగ్గరికి నడిచి వెళ్ళాను. ఆ అయిదింటినీ కప్పాలంటే నా టోపీ చాలలేదు.

"గాలి వీస్తోంది," అన్నాడు ఎమెట్.

వాగులో ఆకు కదలటం లేదు. "అవును, కాస్త వీస్తోంది" అన్నాను.

మూడో రోజు రోవెనా మా కంచె దగ్గరికి వచ్చింది. "ఎలా చెప్పాలి?" అంది.

"చెప్పకు," అన్నాను. ఇది నేను అన్న మాటే, ఇంకెవరిదో కాదు. "ఆ చిన్న మోతాదే కట్టివ్వు. కొండ మీదికి తీసుకెళ్దాం. ఎల్క్ వస్తుందో రాదో. వచ్చినా తగులుతుందా ఏంటి? కూచుంటాడు, చూస్తాడు, దిగొస్తాడు. అంతే కదా ఆయనకి కావలసింది."

"తగిలితే?"

"ఆలోచించు," అని మాత్రం అన్నాను.

"పొద్దున్న బూట్లకి నూనె రాసుకున్నాడు, ఫ్లాయిడ్. ఒక బూటు రాశాక ఆయాసం వచ్చింది. రెండోది నన్ను రాయనివ్వలేదు." అనేసి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు ఉదయం గాడిదకి జీను సరిచూద్దామని వాళ్ళింటికి తోలుకెళ్ళాను. ఎమెట్ వరండాలో కూచున్నాడు, గడ్డం గీసుకుని, వేట చొక్కా తొడుక్కుని. రోవెనా కాఫీ తెచ్చి ఇచ్చి, అక్కడే నిలబడిపోయింది.

"ఎమెట్, ఆ గుండు ఎముక దాటలేదు."

అతను కప్పు కింద పెట్టాడు. "ఎన్ని గజాల్లో?"

"ముప్ఫయిలో కూడా."

"పక్కటెముకల మధ్య పడితే?"

ఆమె వంగి కాఫీ కప్పు పక్కకి జరిపింది.

"నిన్నే అడుగుతున్నా. పడితే?"

"పడితే చస్తుంది."

"నేను కొడితే అక్కడ పడుతుందా?"

నేను జీను పట్టీ బిగిస్తున్నట్టు తల దించుకున్నాను.

"చెప్పు రో."

"పడదు," అంది. "నీ చెయ్యి నిలవడం లేదు."

ఎమెట్ తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత, "ఇంకెవరైనా అయితే అబద్ధం చెప్పేవాళ్ళు," అన్నాడు.

"నేను ఇంకెవరో కాదుగా."

"కాదు," అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత ఎన్నోసార్లు అంది.

నాకు నోరు ఊరుకోక, "కార్డు ఇప్పుడే వెనక్కి పంపిస్తే నీ పదకొండేళ్ళ వరసా పోదు ఎమెట్, మళ్ళీ..." అన్నాను.

"వచ్చే ఏడాదికా?" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. రోవెనా వంగి పట్టుకోబోతే చేత్తో వద్దన్నాడు. నేను గాడిదని తోలుకుని ఇంటికొచ్చేశాను. తలుపు వేసుకుని కూచున్నాను.

వేట రోజులు వచ్చాయి, వెళ్ళాయి. కొండ మీంచి తుపాకీ చప్పుళ్ళు వినబడుతుంటే ఎమెట్ రేడియో పెద్దది చేసేవాడు. పెళ్ళాంతో మాట్లాడడం మానెయ్యలేదు. అదే ఆమెని నరికేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా "ఏమేవ్, ఈ కాఫీలో గాడిద కాళ్ళు కడిగావా?" అని అరిచే మనిషి, "కాఫీ బావుంది, థాంక్యూ" అనడం మొదలెట్టాడు. దుప్పటి కప్పితే థాంక్యూ. మందు ఇస్తే థాంక్యూ. ఒకరోజు బడి వంటగది వెనక తలుపు దగ్గర రోవెనా నాతో, "మా ఇంట్లో ఎవరో పెద్దమనిషి దిగాడు ఫ్లాయిడ్, ఆయన్ని నేనెరగను," అంది.

అక్టోబరు రెండో వారంలో, మధ్యాహ్నం భోజనాల వేళ, ఎమెట్‌ని చూడ్డానికి ఇంటికొచ్చే నర్సు బడికి ఫోన్ చేసింది. కుర్చీలోనే పోయాడు. నేను ఖాళీ బస్సులో రోవెనాని ఇంటికి తీసుకెళ్ళాను. ఆప్రాన్ తియ్యడం మరిచిపోయి నా వెనక మొదటి సీట్లో కూచుంది. పిండి అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వంతెన దాటాక అంది:

"నిజం చెప్పినందుకు కాదు నా ఏడుపు. మొదటి రోజే చెప్పాల్సింది. ఈల వేస్తున్నాడు, ఫ్లాయిడ్. వినాలనిపించింది. నాలుగు రోజులు విన్నాను. నేను విన్నందుకు ఆయన అంత ఎత్తు నుంచి పడ్డాడు."

నేను అద్దంలో ఆమెను చూడలేక రోడ్డు చూశాను. చెప్పొద్దన్నది నేను. ఆ మాట ఆమె అప్పుడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అననందుకు నేను ఈనాటికీ తల ఎత్తుకోలేకపోతున్నాను.

అంత్యక్రియలయ్యాక అచ్చులూ, త్రాసూ, సీసం కుండా ఒక పాల డబ్బాల పెట్టెలో సర్ది మా వరండాలో పెట్టి వెళ్ళింది. ఎవరైనా తుపాకీ పట్టుకుని వాళ్ళింటికి వస్తే, "ఫ్లాయిడ్‌ని అడగండి" అని తలుపు వేసేది. నాకు ఆమెలో సగం కూడా రాదు. గాలి బుడగ ఉన్నదేదో నేను ఒక్కోసారి పట్టుకోలేను.

మరుసటి ఏడు సెప్టెంబరులో ఒక సాయంత్రం తనే వచ్చి, కొండ పైదాకా తీసుకెళ్తావా అని అడిగింది. ట్రక్కులో వెళ్ళాం. దారి ఆగిపోయే చోట ఇంజను ఆపి కూచున్నాం. ఆస్పెన్ చెట్లు పసుపెక్కాయి. కాసేపటికి పై వాలులో మగ ఎల్క్ ఒకటి కూత పెట్టింది, సన్నగా మొదలై పైకి సాగి, చివర బొంగురుగా తెగిపోయింది. దూరం కాదు. అరవై గజాలు కూడా ఉండదేమో.

రోవెనా కిటికీ అద్దం పైకెత్తి మూసేసింది.

"పద," అంది. "రేపు ఆరింటికల్లా పొయ్యి వెలిగించాలి."

దిగుతున్నంత సేపూ ఏడ్చింది. నేను మెల్లగా నడిపాను.