మూడు శిఖరాలూ, మామగారి స్కూటరూ

ఎలుగుబంట్లు తిరిగే అడవిని చీల్చుకుంటూ కోటప్పకొండ రుద్రశిఖరం ఎక్కి, దిగీ దిగగానే ఒక ఊరు ఊరంతటినీ దొంగతనం కేసులో నిలబెట్టిన మొనగాణ్ణి గుంటూరు జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ రోజు నా పరువు, నా కాపురం, నేను కూర్చునే భాగం మూడూ ఒకేసారి పోబోయాయి. ఎలా అంటారా? చెబుతాను.

ఎలుగుబంట్ల సంగతి కాస్త పెంచానని ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నవి సీతాఫలం పొదలు. ఒక పొదలో మాత్రం ఏదో భయంకరంగా కదిలింది. మేక. సరే, మేకపిల్ల.

ఎనభైల నాటి మాట. సత్తెనపల్లిలో పత్తి విత్తనాల కొట్లో పని నాది. అత్తవారిది నరసరావుపేట. అల్లుడి హోదా ఇంకా కొత్తగానే ఉంది. డెహ్రాడూన్‌లో చదువుకునే బావమరిది మురళి సెలవలకొచ్చి, భోజనాల దగ్గర ఒకటే హిమాలయాల ఊదర. పప్పులో నెయ్యి పేరుకుపోతున్నా వదలడు.

"మనవైపు కొండలేవి బావా, మిరపకాయల కుప్పలు తప్ప!" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్ మురళీ, నీ హిమాలయం ఒక్కో పక్కనుంచి ఒక్కోలా ఉంటుంది. నిలకడ లేని కొండ! మన కోటప్పకొండ ఎటునుంచి చూసినా మూడు శిఖరాలే. అదీ కొండంటే!"

"శిఖరం దాకా మీరెక్కారా?"

"నేనా? అది నాకు పెరటిగట్టురా!"

మా ఆవిడ భారతి నా వంక అదోలా చూసింది. నేను అప్పడం వంక చూశాను.

మర్నాడే ప్రయాణం. మామగారు స్కూటరిచ్చారు. పేరు నమోదు చేయించుకుని ఏళ్ళకేళ్ళు కాచుకుంటే వచ్చిన బండి అది. కన్నకొడుకుని కూడా దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. "అల్లుడుగారూ, మీరు కాబట్టి ఇస్తున్నాను. దీనికేమన్నా అయితే మాత్రం..." అని ఆగిపోయారు. 

భారతి, మురళి, నేను ముగ్గురం ఒక బండి మీద, బస్తాలు కట్టినట్టు ఒకరికొకరం ఒత్తుకుని వెళ్ళాం. కొండ కింద వేపచెట్టు పక్కన మిరపకాయలు ఆరబోసిన కళ్లం ఉంది. అక్కడ రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ముసలమ్మకి "అవ్వా, కాస్త చూస్తుండు" అని బండి అప్పజెప్పి మెట్లెక్కాం. గుళ్ళో దణ్ణం పెట్టుకుని, రాళ్ళదారిన రుద్రశిఖరానికి బయల్దేరాం. ఏనుగులు సంతకొచ్చి అలిసి పడుకున్నట్టు బండలు. మోకాలెత్తు గడ్డి. ఇక పైన ఆ గాలి చూడాలి, మాట నోట్లోంచి రాకముందే ఎత్తుకుపోతోంది! కింద పత్తిచేలు తెల్లగా, మధ్యమధ్య మిరప కళ్లాలు ఎర్ర దుప్పట్లు ఆరేసినట్టు. హిమాలయాల మురళి కూడా నోరు తెరిచాడు.

"మెట్లవైపే దిగుదామా బావా?"

"మెట్లు భక్తులకిరా. మనలాంటివాళ్ళు తిన్నగా దిగాలి. అదిగో, ఆ ఎర్రగా ఉందే, అదే మన కళ్లం!"

"అటుపక్కా ఎర్రగానే ఉంది బావా."

"అది వేరేవాళ్ళది!"

అయ్యా, మిరపకాయల కాలంలో గుంటూరు జిల్లాలో ఎర్రగా ఉన్నదాన్ని గుర్తు పెట్టుకోవడమంటే, సముద్రంలో ఫలానా అలని గుర్తు పెట్టుకోవడమే. ఆ వయసులో ఇంత జ్ఞానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

దిగడం కాళ్ళతో కొంత, మిగతా శరీరంతో చాలా జరిగింది. ఒక బండ మీద జర్రున జారి, పెళ్ళికి కుట్టించిన టెరీకాటన్ ప్యాంటు వెనకభాగాన్నీ, దాని లోపలి చర్మాన్నీ కొండకి నైవేద్యం పెట్టాను.

కింద కళ్లం ఉంది. వేపచెట్టుంది. తాలుకాయలు ఏరే ముసలమ్మ కూడా ఉంది. స్కూటర్ లేదు!

"అవ్వా, బండేదీ?"

"ఏం బండి బాబూ?"

"పొద్దున నీకు అప్పజెప్పానుగా!"

"నాకా? నీ మొహం సూడ్డం ఇదే మొదలు!"

మామగారు మధ్యలో ఆపేసిన వాక్యం నా చెవుల్లో తనంతట తనే పూర్తయింది. గొంతు చించుకున్నాను. "పట్టపగలు బండి మాయం చేస్తారా? ఊరంతా ఒకటేనా మీరు?"

అంతే. తలగుడ్డలు బిగిశాయి. కళ్లం రైతు ముందుకొచ్చాడు. "ఏందయ్యో, మాది దొంగలూరంటావా? ఇక్కడే పెట్టావని ఏంది గుర్తు?"

నేను ఠీవిగా కొండవైపు చెయ్యి చాపాను. "అదే గుర్తు! చూడండి, మూడు శిఖరాలు. పొద్దున కూడా మూడే ఉన్నాయి!"

ముసలమ్మ పకపకా నవ్వడం మొదలెట్టింది.

"ఎటునుంచి సూసినా మూడేనయ్యా సామీ! అదేగా ఆ కొండ గొప్ప!" అన్నాడు రైతు. "మెట్లదారిన ఎక్కావా? అయితే నీ బండి కొండకి ఆ పక్కనుంటది. ట్రాక్టరెక్కు!"

ట్రాక్టరులో మిరపకాయల బస్తాలు. వాటి మీద నేను. నా ప్యాంటు పరిస్థితి మీకు మనవి చేశాను. మిగతాది ఊహించుకోండి. కొండ చుట్టూ తిరిగినంతసేపూ నేను పెట్టిన కేకలకి రైతు మురిసిపోయి, "మీ బావకి కొండంటే ఎంత భక్తో!" అన్నాడట మురళితో.

స్కూటర్ వేపచెట్టు కింద భద్రంగా ఉంది. "సీటు కాల్తదని కప్పా బాబూ" అంటూ అసలు అవ్వ గోనెపట్టా తీసింది. కానీ ఆ సీటు మీద కూర్చునేదెవరు? కన్నకొడుక్కే ఇవ్వని హ్యాండిల్ కన్నకొడుకు చేతికే వచ్చింది. అక్కాతమ్ముళ్ళు బండి మీద, నేను బస్సులో నిలబడి. కొడుకు నడిపాడని మామగారికి తెలియకుండా వీధి మలుపులో బండి అందుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చాను.

మామగారు బండి చుట్టూ ప్రదక్షిణం చేశారు. "గీత కూడా పడలేదు, శభాష్! కూర్చోండి అల్లుడుగారూ."

"పర్వాలేదండి."

"భోజనానికన్నా..."

"నిలబడే తింటానండి."

"హిమాలయాల్లో కూడా ఇలాంటి తపస్సు చూడలేదు నాన్నా!" అన్నాడు మురళి.

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా, ఈ తలనెరిసినవాడు ప్రమాణం చేస్తున్నాడు. ఇకమీదట ఎక్కిన దారినే దిగుతాను. ఎటు చూసినా ఒకేలా ఉండే కొండని ఈ జన్మలో నమ్మను. ఆనాటి తప్పంతా కొండదే!

ఇంతవరకూ రాసి భారతికి చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అంది:

"కొండనెందుకంటారు పాపం? పైన మీరు కళ్ళు తెరిస్తేగా! తల తిరుగుతోందని మా తమ్ముడి చొక్కా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకునే 'అదిగో మన కళ్లం' అని వేలు చూపించారు. ఆ ఎర్ర దుప్పట్ల మాట కూడా నాదే."