పిలిచింది నన్నొక్కదాన్నే

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. చిన్నప్పుడు చీకట్లో వాకిలి దాటొద్దని మా అత్త భయపెడితే, కావాలనే దాటి కాసేపు నిలబడి వచ్చేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికి ఇది రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియకపోవడంతో అది తగ్గడం లేదు.

ముందు నా పని గురించి చెప్పాలి. తమిళనాడులో కయత్తారు దగ్గర గాలిమరల కంపెనీలో భద్రత చూసే ఉద్యోగం నాది. మర ఎక్కేవాళ్ళ బెల్టులు, తాళ్ళు, కొక్కేలు నేను చూసి సరే అంటేనే వాళ్ళు ఎక్కాలి. దేన్నైనా చేత్తో లాగి చూడందే దాని మీద బరువు వేయకూడదని రోజూ అందరికీ చెప్పి విసిగించేదాన్ని. కోవిల్‌పట్టిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాను.

ఎస్తర్ నా స్నేహితురాలు. ఇద్దరిదీ ఎట్టయాపురం పక్కన ఒకే ఊరు. మాది భూములున్న ఇల్లు. వాళ్ళ అమ్మానాన్నలు, అంతకు ముందు వాళ్ళ అవ్వాతాతలు మా చేలల్లో కూలి చేసినవాళ్ళు. రెండిళ్ళలోనూ మాట్లాడేది తెలుగే. ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. తర్వాత తను విరుదునగర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనికి చేరింది. రోజంతా నిలబడి ఆ పని చేసేది. చేసేది అని రాయాల్సి వస్తోంది, అక్కడే నాకు మండుతుంది.

ఎడారుల్లో ఇరుకు లోయల మధ్య తాళ్ళు కట్టుకుని నడిచేవాళ్ళ వీడియోలంటే ఎస్తర్‌కు పిచ్చి. రెండు గోడల మధ్య ఒళ్ళు పక్కకు తిప్పి దూరిపోతుంటే ఊపిరి బిగబట్టి చూసేది. మనకు అలాంటివి ఎక్కడున్నాయి అని నేనంటే, తూత్తుకుడికి దక్షిణాన ఉన్న తేరిని ఫోన్‌లో చూపించింది. తేరి అంటే ఎర్ర ఇసుక నేల. తాటిచెట్లు, ముళ్ళకంపలు తప్ప కంటికి ఏమీ ఆనదు. వాన నీళ్ళు ఆ ఎర్రమట్టిని కోసుకుంటూ పోయి కొన్నిచోట్ల లోతైన సందులు చేశాయి.

"మనకూ వుండాది గదా వసంతా. దానికి విమానం ఎక్కాల్నా?" అంది.

ఒక ఆదివారం పొద్దున్నే నా స్కూటర్ మీద బయలుదేరాం. ఎస్తర్ ముందురోజే విరుదునగర్ నుంచి వచ్చి నా గదిలో పడుకుంది. హెల్మెట్లు, తాడు, నడుముకు కట్టే బెల్టులు నేనే తెచ్చాను, అన్నీ లాగి చూశాను. అంతకు ముందు చాలా రోజులుగా అటు వాన లేదని కనుక్కున్నాను. తడిసిన మట్టిగోడల మధ్యకు పోకూడదని నాకు తెలుసు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆడపిల్లలు ఆటలాడుకోవడానికి పోయి గోడ మీదికి తెచ్చుకున్నారని తర్వాత చాలామంది అన్నారు. మేం ఆటలాడటానికి పోలేదు.

సందు మొదట్లో చీలమండ లోతే ఉంది. పోనుపోను నడుము లోతు, తర్వాత రెండాళ్ళ ఎత్తు. పైన ఆకాశం రిబ్బను ముక్కంత కనిపించేది. ఎండ కిందికి దిగడం లేదు, కాళ్ళ కింద ఇసుక చల్లగా ఉంది. కొన్నిచోట్ల భుజాలు రెండు వైపులా ఆనుకుంటే పక్కకు తిరిగి నడిచాం. నేను ముందు, ఎస్తర్ నా వెనక ఫోన్‌తో వీడియో తీస్తూ. తన సంతోషం చూస్తే నాకు నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ చాలా బాగుంది.

ఒక మలుపు దగ్గర ఆగి నీళ్ళు తాగుతున్నాం. అప్పుడు పైనుంచి పిలుపు వచ్చింది.

"కుప్పీ, పైకి రా మే. మలుపు తిరిగితే ఎడం చెయ్యి తట్టు వేరు వుండాది. పట్టుకొని ఎక్కు."

ఆడమనిషి గొంతు. పెద్ద వయసు. అరుపు కాదు. పెరట్లో ఉన్న మనవరాలిని అన్నానికి పిలిచినట్టు, మామూలుగా ఉంది.

కుప్పి అన్నది ఇంట్లో నన్ను పిలిచే పేరు. నాకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదని, నన్ను పుట్టగానే చెత్తకుప్ప మీద పడుకోబెట్టి తీసి ఆ పేరు పెట్టారు. బడిలో వసంత, ఉద్యోగంలో వసంత. కుప్పి అని పిలిచేది మా ఇంట్లోవాళ్ళు మాత్రమే. ఎస్తర్‌కు ఆ పేరు తెలుసు, కానీ ఎన్నడూ అలా పిలవలేదు.

ఇక్కడ మావాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎవరికీ అర్థం కాదు. మా తెలుగు గడప లోపలి భాష. గడప దాటితే తమిళమే. బస్సులో, అంగట్లో, ఆఫీసులో ఎక్కడా అది వినిపించదు. అందుకే బయట ఎక్కడైనా మా మాట చెవిన పడితే చాలు, ఏ ఊరు, ఎవరింటివాళ్ళు అని వెంటనే చుట్టరికం కలిపేస్తాం. అనుమానం అనేదే రాదు. తేరి చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరని నాకు తెలుసు. అయినా ఆ క్షణంలో అది గుర్తు రాలేదు. ఎవరో మావాళ్ళే వచ్చారనుకున్నాను. "వస్తా వుండాను" అని పలికేశాను కూడా.

ఎస్తర్ గొంతు తగ్గించి, "ఎవురో మీ తట్టోళ్ళు. నువ్వు పోయి చూడు" అంది.

మలుపు తిరిగాను. ఎడమ పక్క నిజంగానే తాటివేర్లు తాళ్ళలా వేలాడుతున్నాయి. మేం ఆగిన చోటు నుంచి అవి కనిపించవు. లాగి చూడకుండా దేని మీదా బరువు వేయకూడదని జీతం తీసుకుని చెప్పేదాన్ని, ఆ వేరును లాగి కూడా చూడకుండా పట్టుకుని ఎక్కేశాను.

పైన ఎవరూ లేరు.

అది చెట్లూ గోడలూ ఉన్న చోటు కాదు, దాక్కోవడానికి. ఒక తాటిచెట్టు, దూరంగా కంపలు, మిగతాదంతా ఎర్ర ఇసుక. ఆ ఇసుక మీద కోడి నడిచినా గుర్తు పడుతుంది. గాలి గీసిన గీతలు చెదరకుండా ఉన్నాయి. వేరు దగ్గర నుంచి నేను నిలబడిన చోటిదాకా నా అడుగులే ఉన్నాయి. మనిషి వచ్చిన గుర్తు లేదు, పోయిన గుర్తు లేదు.

సందు అంచుకు వచ్చి కిందికి చూశాను. ఎస్తర్ మలుపు దగ్గరే నిలబడి ఉంది.

"ఎవురూ లేరు. నువ్వూ రా" అన్నాను.

"ఆ అమ్మ ఆడనే వుంటాది, సరిగ్గా చూడు" అంది.

"లేదంటా వుండాను గదా. రా ఎస్తర్."

తను కదల్లేదు. తల ఎత్తి నా వైపు కాదు, నా పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూసింది. అప్పుడే పత్తిమూట దింపినట్టు ఒక మెత్తని చప్పుడు అయింది. గోడ కూలింది.

దుమ్ము తగ్గాక చూస్తే, ఇంతకు ముందు నేను నిలబడి నీళ్ళు తాగిన చోట మట్టి గుట్టగా పడి ఉంది. ఎస్తర్ రొమ్ము దాకా దాంట్లో కూరుకుపోయింది. ముఖం బయటే ఉంది. తాటిచెట్టుకు తాడు కట్టి అవతలి వైపు నుంచి దిగి, హెల్మెట్‌తో, చేతులతో తవ్వాను. తవ్వుతూ అరిచాను. కాసేపటికి నేను తెలుగులో అరుస్తున్నానని తెలిసి, తమిళంలో అరిచాను. తాటిచెట్ల దగ్గర పని చేసే మనుషులు పారలతో పరిగెత్తుకొచ్చారు. వాళ్ళే తనను బయటికి తీశారు. ఇటు ఎవరైనా పెద్దావిడ వచ్చిందా అని అడిగితే నాకు దెబ్బ తగిలిందేమోనన్నట్టు చూశారు.

తూత్తుకుడి ఆసుపత్రిలో ఎస్తర్ కాలికి ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ ఆ కాలి మీద ఎక్కువసేపు నిలబడటం ఇక తన వల్ల కాదు. ల్యాబు పని పోయింది. ఇప్పుడు ఆ విరుదునగర్ ఆసుపత్రిలోనే రసీదులు రాసే చోట కూర్చోబెట్టారు. సూక్ష్మదర్శిని ముందు తనంత చురుకైనది లేదని అక్కడివాళ్ళే చెప్పేవాళ్ళు.

ఆ పిలుపు నాకు కలిగిన భ్రమ అని మా ఆఫీసులో ఒకతను తేల్చేశాడు. ఎస్తర్ ఫోన్ దొరికింది, వీడియో కూడా ఉంది. అందులో ఆ గొంతు లేదు. ఇసుక రాలే చప్పుడు, మా ఊపిరి ఉన్నాయి. నేను "వస్తా వుండాను" అనడం ఉంది. ఆ తర్వాత ఎస్తర్ "ఎవురో మీ తట్టోళ్ళు" అనడం ఉంది. నేనొక్కదాన్నే భ్రమపడితే తను ఎవరి గురించి అంది? అడిగితే అతను నవ్వి వేరే మాట ఎత్తాడు. ఆ నవ్వు ముఖాన ఒక్కటి ఇవ్వాలనిపించింది.

భ్రమ అన్నవాళ్ళు నయం. మా అత్త అయితే కథ విని దండం పెట్టేసింది. మా ఇంటి దేవతే వచ్చి నన్ను కాపాడిందట. పొంగలి పెట్టి, మేకను కోయాలంది.

"ఎస్తర్ సంగతి ఏంది అత్తా?" అన్నాను.

"ఆ పిల్లకూ ప్రాణం వుండాది గదా. వాళ్ళ సామి వాళ్ళకి, మన సామి మనకి" అంది అత్త. మంచి మనిషే. ఆసుపత్రికి రోజూ గంజి కాచి పంపింది కూడా. ఆ మాట అనేటప్పుడు తన ముఖంలో ఇంత కూడా తేడా లేదు.

నా కోపం అక్కడ అంటుకుంది. వేరు ఏ చేతి పక్కన ఉందో చెప్పడానికి ఓపిక ఉన్నదానికి, 'ఇద్దరూ రాండి' అనడానికి నోరు రాలేదా? గోడ కూలుతుందని తెలిసినప్పుడు కింద ఎంతమంది ఉన్నారో తెలియదా? అది దేవతైతే ఆ దేవత నాకు వద్దు. అత్తతో ఇదే చెప్పాను, ఇంకా గట్టిగానే చెప్పాను. ఇంట్లో కొన్ని రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆపరేషన్ రోజు ఎస్తర్ వాళ్ళమ్మ వార్డు బయట నా రెండు చేతులూ పట్టుకుని, "మీకేం కాలేదు గదా పాపమ్మా. అంతే చాలు" అంది. లోపల తన కూతురు మత్తులో పడి ఉంది. ఆమె నాకంటే ఎంతో పెద్దది, నన్ను మీరు అంటుంది. మా అమ్మ ఆమెను నువ్వు అంటుంది. ఇన్నేళ్ళూ అది నాకు వింతగా అనిపించలేదు.

పైకి రమ్మని నేను రెండుసార్లు పిలిచినా ఎందుకు రాలేదని ఎస్తర్‌ను చాలాసార్లు అడిగాను. కాలు నొప్పి అనో, గుర్తులేదు అనో దాటేసేది. కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒక సాయంత్రం వాళ్ళింటికి పోయాను. ఆ రోజు అడగకుండానే చెప్పింది.

"నువ్వు పిలిచినావు వసంతా. ఆ అమ్మ పిలవలేదు గదా."

నాకు వెంటనే అర్థం కాలేదు. తనే నెమ్మదిగా చెప్పింది. చిన్నప్పుడు బడి అయిపోగానే నేను చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కుపోయేదాన్నట. మెట్టు దగ్గర తను ఆగిపోయేదట. మా అవ్వ లోపల్నుంచి, కుప్పీ, వచ్చి తిను అని పిలిచేదట. నన్నే పిలిచేది. తనను రావద్దని ఎన్నడూ అనలేదు, రమ్మనీ అనలేదు. నేను లోపలికి పోయి తినేసి వచ్చేదాకా తను అక్కడే నిలబడేది. సిగ్గు పడుతోందని నేననుకునేదాన్ని.

"అయితే అది మా అవ్వ గొంతేనా?" అన్నాను. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది.

"గొంతు ఎవురిదో నాకు తెలీదు. పిలిచే తీరు తెలుసు" అంది ఎస్తర్. "కాళ్ళు వాటికవే నిలబడిపోయినాయి. నేను నిలబెట్టలేదు."

మా ఇంట్లో పొంగలి పెట్టారు. నా పేరు చెప్పి మేకను కోశారు. నేను పోలేదు. నా వాటా అని గదికి కూర పంపితే, గిన్నె మూత తీయకుండా తిప్పి పంపాను.

అడుగు గుర్తు లేని ఆ ఇసుకలో నన్ను ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి వేరు చూపించిందెవరో నేను ఇప్పటికీ చెప్పలేను. అడిగినవాళ్ళకు తెలియదనే చెబుతాను. కానీ గోడ కూలబోతున్న చోట, ఎవరూ లేని పైవైపు చూస్తూ, లోపలికి రమ్మని ఎవరో అంటారని ఎస్తర్ ఎందుకు నిలబడిపోయిందో నాకు తెలుసు. అది తెలిశాక ఆ గొంతంటే నాకున్న భయం పోయింది. అది మళ్ళీ పిలిస్తే, నేను పలకను.