ఆగిపోయిన టేపులో మధ్యమం

కూర్చో చిన్నీ. ఆ చిప్స్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నేను చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యి. మధ్యలో నీ తెలివి కలపకు.

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. గుంటూరులో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. అయినా ఇది జరిగింది. ఇక్కడే, మన కేంబ్రిడ్జ్‌లో, పట్టపగలు!

మన పక్కింటి వాల్టర్ గారికి బేస్‌మెంట్‌లో బుల్లి రికార్డు కంపెనీ ఉందిగా. ఓనరూ ఆయనే, ప్యూనూ ఆయనే. పల్లెల్లో ముసలివాళ్లు బాంజో, ఫిడేలు మీద వాయించే పాత కంట్రీ, బ్లూగ్రాస్ అనే జానపద పాటలు వాళ్లతోపాటే పోకూడదని రికార్డులు వేస్తారు.

ఆయన భార్య రూత్ గారిదీ బాంజోయే. మనం ఈ ఇంటికి రాకముందే పోయారు. సొంతంగా కట్టిన పాటొకటి వంటింట్లో కూర్చుని టేప్ చేసుకున్నారట. సగంలో రీలు అయిపోయింది. ఊరందరి పాటలూ రికార్డు చేస్తూ తిరిగిన ఆయన, ఇంట్లో ఆవిడ పాట మాత్రం పూర్తిగా వినలేదు. మిగతా సగం దొరికితేగానీ ఆవిడ రికార్డు వెయ్యనని భీష్మించుకున్నారు.

ఓ మధ్యాహ్నం పులిహోర ఇద్దామని వెళ్తే, నాకు హెడ్‌ఫోన్స్ తగిలించి ఆ టేపు పెట్టారు. వింటే ఏముంది, అచ్చం మన మోహన రాగం! కళ్లు మూసుకుని తాళం వేస్తూ కూర్చున్నా. పాట ముగిశాక కళ్లు తెరిచి, "బ్రహ్మాండం! పూర్తిగానే ఉందిగా, సగం అంటారేంటి?" అన్నా.

ఆయన మొహం పాలిపోయింది.

"రీలు అయిపోయి చాలాసేపైంది, మిసెస్ శర్మా. మీ చెయ్యే ఆగలేదు."

చూస్తే నిజమే. టేపు కొస ఊడి టపటపా కొట్టుకుంటోంది.

మర్చిపోకముందే విన్నదంతా స్వరాలుగా పాడేశా. ఆయన బాంజో మీద పట్టుకున్నారు. వెంటనే ఎక్కడో సస్కటూన్ అనే ఊళ్లో ఉండే రూత్ గారి చెల్లెలికి ఫోన్ చేసి వాయించి వినిపించారు! ఆవిడ ఒకప్పుడు ఆ పాట అక్క దగ్గరే విందట, తిరిగి పాడేంత గుర్తు మాత్రం లేదు. చివర్లో ఒక మెలిక దగ్గర బావురుమంది. "అది మా అక్కదే. ఇంకెవరూ అలా వెయ్యరు. మీకెవరు నేర్పారు?"

"అమ్మమ్మా, యు జస్ట్ గెస్డ్ ఇట్" అంటావు, తెలుసు. నేనూ అదే అనుకున్నా. మోహనం వచ్చినవాళ్లు ఎలాగో ఒకలా పాట ముగించేయొచ్చు. కానీ ఆ మెలికలో మధ్యమం, అదే 'మ' స్వరం, ఉందే! మోహనంలో మధ్యమం ఉండదు. చిన్నప్పుడు పొరపాటున పాడితే మా టీచరు తొడపాశం పెట్టేది. నా నోట అదెలా వచ్చిందో ఈ రోజుకీ అంతుపట్టలేదు.

ఇదిగో, రికార్డు ఇవాళే వచ్చింది! కవరు మీద రూత్ గారే. సగం దాకా ఆవిడ వాయించింది, తర్వాతది ఆయన. ఎక్కడ చేతులు మారాయో కనిపెట్టు చూద్దాం. వాల్టర్ గారికే దొరకలేదు. నాకైతే అక్కడ...

"అమ్మా! దోసె చల్లారిపోతోంది, ఇద్దరూ రండి!"

వస్తున్నామే! చిన్నీ, మీ అమ్మ అరుపు టైప్ చెయ్యకు. ఆఁ, ఎక్కడున్నాం? ఆ చేతులు మారే చోట నాకు రూత్ గారి చెయ్యి ఆగినట్టే అనిపించదు, ఆ మెలిక దాకా ఆవిడే