ఉలవల మీద రెండు చుట్లు

నడుం నొప్పి తగ్గుతుందని, వీడియో చూసి బైక్ హ్యాండిల్‌ను ఎత్తు చేసే రైజర్లు దాని కింద నేనే బిగించాను. మెకానిక్‌కు చూపించమని మా ఆవిడ చెప్పినా వినలేదు.

మర్నాడు ఇద్దరం రామతీర్థం బయల్దేరాం. బళ్లు తొక్కితే గింజ రాలుతుందని ఎవరో రోడ్డు మీద ఉలవ మొక్కలు పరిచారు. వాటిని తప్పించబోయి హ్యాండిల్ పూర్తిగా తిప్పాను. పెరిగిన ఎత్తుకు యాక్సిలరేటర్ కేబుల్ చాల్లేదు. అది బిగుసుకుని బండి ఒక్కసారిగా రంకెలేసింది. కంగారులో బ్రేకన్నదే గుర్తురాలేదు. ఆ ఉలవల మీదే గిరగిరా రెండు చుట్లు తిరిగి పడ్డాం.

ఉలవలు ఆరేసిన ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను.

"దెబ్బలేటి తగల్నేదు కదా బావూ? అయితే ఇంకో రెండు సుట్లు తిప్పీ. గింజ బాగా రాల్తన్నాది."

రైజర్లు మెకానిక్ చేతే విప్పించాను. ఇప్పటికీ ఉలవచారు వడ్డిస్తూ మా ఆవిడ అడుగుతుంది: "ఇంకో రెండు సుట్లు ఎయ్యమంటారేటి?"