మిర్చి పట్టా మీద సముద్రపు రాళ్లు

నాకు పీహెచ్‌డీ సీటొచ్చింది! మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ చదివినవాళ్లే లేరు.

సీటు తెచ్చినవి పల్నాడు సున్నపురాళ్లు. అవి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద. ఆ కాలంలో భూమిని మంచు కమ్మిందా, సముద్రం చల్లబడిందా అన్నదానికి ఆనవాళ్లు ఆ రాళ్లలోని కార్బన్‌లో దొరుకుతాయి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఏరి, నంబర్లు వేసిన రాళ్ల సంచిని ఇంట్లో పెట్టి ఓ రోజు పనుండి ఒంగోలు వెళ్లాను. తిరిగొచ్చేసరికి గాలివాన. నా రాళ్లన్నీ కల్లంలో మిర్చి మీద కప్పిన పట్టా అంచుల మీదున్నాయి, ఒళ్లంతా కారంతో.

"అమ్మా! అవి ల్యాబుకి పోవాల్సినవే!"

"పట్టా ఎగిరిపోతుంటే నీ రాళ్లకి బొట్టు పెట్టి కూర్చోబెట్టమంటావా ఏందే?"

భయపడుతూనే ల్యాబుకి పట్టుకెళ్లాను. ప్రాజెక్టు చేయిస్తున్న మేడం నవ్వారు. "పైపొర ఎలాగూ కోసేస్తాం. మనకు కావాల్సింది లోపలి రాయి నూరిన పొడేనమ్మా."

ఆ పొడి ఫలితాలే ఇంటర్వ్యూలో చూపించాను. ఆ రోజు మిర్చి తడిసుంటే నా చదువు అక్కడే ఆగేది. నన్ను చదివించిన పంటను నా రాళ్లే కాపాడాయి.

అమ్మకు చెప్పేశాను. ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: మేడం, రాళ్లు చూపించిన క్వారీ బాబాయి, చీరాల పిన్ని, ఆ వానలో పట్టా రెండో కొస పట్టుకున్న పక్క కల్లం భాయిగారు.